చివర చెప్పే కృతజ్ఞత

ఆమెకి అసలు పేరంటూ ఒకటుందన్న సంగతి ఆ కాలేజీలో జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. ఎదురుపడితే టీచరమ్మ, పక్కకి తప్పుకుంటే కృతజ్ఞతల టీచరమ్మ. ఆ రెండో పేరు ఎవరు పెట్టారోగాని సరిగ్గా అతికింది. పై దేశాల నుంచి చదువుకోడానికి వచ్చే పిల్లలకి మన భాష నేర్పడం ఆమె ఉద్యోగం. ఏడాది పొడుగునా గొంతు చించుకుని నేర్పినా, నేర్పినదాన్ని పెద్దలు చూసేది ఒక్కరోజే. ఆ రోజు సభలో ఒక పిల్లో పిల్లాడో మైకు ముందు నిలబడి, తమని చదివిస్తున్నవాళ్లకి తడబడకుండా కృతజ్ఞతలు చెప్పాలి. తడబడలేదా, టీచరమ్మ బాగా పనిచేసినట్టు. ఆమె కాంట్రాక్టు మరో ఏడాది పొడిగించేవారు.

ఆ పిల్లల చదువుకయ్యే ఖర్చులో సగం ప్రభుత్వానిది, సగం ఒక కంపెనీది. నీళ్ల పైపులూ, నీళ్లు శుద్ధిచేసే యంత్రాలూ తయారుచేసే కంపెనీ అది. ఎవరి బుర్రలో పుట్టిందో ఏమో, ఏర్పాటు ఎలా ఉండేదంటే, కంపెనీ తన సగం ఇస్తేనే ప్రభుత్వం తన సగం ఇస్తుంది, ప్రభుత్వం ఇస్తేనే కంపెనీ ఇస్తుంది. ఒకరు చెయ్యి వెనక్కి తీసుకుంటే రెండోవారి చెయ్యి దానంతటదే వెనక్కి పోతుంది. రెండు కాళ్ల మీద నిలబెట్టిన బల్లలాంటిది. నిలబడ్డన్నాళ్లూ చూసినవాళ్లు ముక్కుమీద వేలేసుకుంటారు. పడినరోజు బల్లకేమీ కాదు, దానిమీద ఉన్నదే పగులుతుంది.

ఆమె కొత్తలో చేరినప్పుడు ఒక తగువు ఉండేది. సభలో ముందు ఎవరికి కృతజ్ఞత చెప్పాలి? ప్రభుత్వం తరఫున వచ్చే ఆఫీసరుకా, కంపెనీ మేనేజరుకా? ఒక ఏడాది ఇద్దరూ మొహాలు మాడ్చుకుని టీ తాగకుండానే వెళ్లిపోయారు. ప్రిన్సిపాలుకి తల ప్రాణం తోకకొచ్చింది. అప్పుడు టీచరమ్మ ఆ ముడి విప్పింది. ఆఫీసరు దగ్గరికి వెళ్లి, "ముందు తమకే సార్. మొదటి మాట ఎవరికి దక్కితే పెద్దరికం వాళ్లదే కదా," అంది. మేనేజరు దగ్గరికి వెళ్లి, "చివరి మాట మీకోసం ఉంచాను సార్. సభ అయిపోయాక చెవిలో ఉండిపోయేది చివరి మాటే కదా," అంది. ఇద్దరూ పొంగిపోయారు. ఆనాటి నుంచి ఏటా ఆ సభలో ఆఫీసరు మేనేజరుని చూసి జాలిపడేవాడు, మేనేజరు ఆఫీసరుని చూసి జాలిపడేవాడు. మధ్యలో టీచరమ్మ చేతులు కట్టుకుని నిలబడేది.

అది అబద్ధమా అంటే కాదు. నిజమా అంటే అదీ కాదు. ఎవరికి ఏది రుచిస్తుందో వాళ్లకి అది వడ్డించడం. ఆ విద్యతోనే ఆమె బతుకు గడిచింది. పెళ్లి మాటలు రెండుమూడుసార్లు వచ్చి, ఎవరూ ఎవరినీ కాదనకుండానే ఆగిపోయాయి. తమ్ముడింట్లో వీధివైపు గది ఆమెది. కిటికీ తెరిస్తే బస్సుల పొగ, మూస్తే ఉక్క. ఒక ఇనప మంచం, ఒక బల్ల, బల్లమీద ఒక అద్దం. పిల్లలకి పెదవులెలా పెట్టాలో చూపించడానికి తెచ్చుకున్న అద్దమది. దానిముందు కూచుని తానే ముందు పలికి చూసుకునేది.

"మా వదినగారి నోట్లో తేనెసీసా ఉంటుంది," అనేది మరదలు, వచ్చినవాళ్లందరూ వినేలా. "కాలేజీకి వెళ్లేటప్పుడు మూత తీస్తారు, ఇంటికి రాగానే బిగించేస్తారు."

"నీకేం తక్కువ చేశానమ్మా?"

"తక్కువేం లేదు వదినా. ఎప్పుడూ ఎక్కువే. నా కూర బాగుందన్నారు, పక్కింటావిడ కూరా బాగుందన్నారు. ఆవిడది మాడిపోయిందని ఆవిడే చెప్పింది!"

టీచరమ్మ నవ్వి ఊరుకునేది. తమ్ముడు ఎటూ చెప్పలేక పేపరు పైకెత్తి పట్టుకునేవాడు.

ఇక ప్రమాణాల సంగతి చెప్పాలి. పిల్లలు దిగిన మొదటి వారంలోనే రెండు చోట్ల ప్రమాణం చెయ్యాలి. పొద్దున ప్రభుత్వ కార్యాలయం హాల్లో, మధ్యాహ్నం కంపెనీ భోజనాల హాల్లో. రెండూ మన భాషలోనే. వచ్చి వారం కాలేదు, మంచినీళ్లు అడగడం కూడా రాని పిల్లలు. అయినా కెమెరాలు ఉంటాయి, పిల్లలు మన భాషలో మాటివ్వడం చూస్తే ముచ్చటగా ఉంటుందని పెద్దల ఉబలాటం. అందుకని టీచరమ్మ ఆ రెండు ప్రమాణాలూ పాటలాగా, ముక్కముక్కగా విరిచి, చప్పట్లు కొడుతూ నోటికి పట్టించేది. అర్థం చెప్పడానికి వ్యవధి ఉండేది కాదు. వ్యవధి ఉన్నా చెప్పేది కాదు. అర్థం చెబితే ప్రశ్నలు వస్తాయి, ప్రశ్నలు వస్తే ఆలస్యం, ఆలస్యమైతే పైనుంచి అక్షింతలు. ఎవరైనా సైగలతో 'ఏమంటున్నాం?' అని అడిగితే, పుస్తకం చూపించి, తల ఊపి, సీనియరు పిల్లల చేత చెప్పించేది: "బాగా చదువుకుంటాను అని చెబుతున్నారు, అంతే."

పొద్దుటి ప్రమాణం, చదువు ముగిశాక నా దేశానికి తిరిగి వెళ్లి అక్కడి ప్రభుత్వ కొలువులో ప్రజలకి పనిచేస్తాను అని. మధ్యాహ్నం ప్రమాణం, చదువు ముగిశాక ఐదేళ్లపాటు కంపెనీ ఎక్కడ పని ఇస్తే అక్కడ చేస్తాను అని. ఒక నోట రెండు దారులు. పొద్దుటిది మధ్యాహ్నం వాళ్లకి తెలీదు, మధ్యాహ్నానిది పొద్దుటివాళ్లకి తెలీదు. తెలిసింది టీచరమ్మ ఒక్కతికే. అన్నేళ్లలోనూ ఎవరూ ఆ మాట చెల్లించమని అడగలేదు. కంపెనీకి పై దేశాల్లో శాఖలు లేవు. ప్రభుత్వానికి పిల్లలు తిరిగి వెళ్లారా లేదా అన్నదే కావాలి. చెల్లించనక్కర్లేని మాటకి అర్థం ఎందుకులే అనుకుంది ఆమె.

ద్వీపం పిల్ల వచ్చేదాకా అలాగే నడిచింది.

ఆ పిల్లది ఎక్కడో సముద్రం మధ్య ఊరు. అక్కడి బావులన్నీ ఉప్పుబారిపోయాయి. తల్లి రోజూ పడవ దగ్గరికి వెళ్లి మంచినీళ్ల డబ్బా మోసుకొస్తుంది. నీళ్లు శుద్ధిచేసే ఇంజనీరింగు చదివి, తన ద్వీపం నీళ్ల శాఖలో చేరి, ఆ బావుల పని పట్టాలని వచ్చింది. భాష ఎంత తొందరగా పట్టుకుందంటే, రెండో ఏడు వచ్చేసరికి హాస్టలు వంటవాడితో వేళాకోళాలాడేది. "బాబాయ్, ఈ పప్పులో నీళ్లున్నాయా, నీళ్లలో పప్పుందా? నా చదువుకి పనికొస్తుంది, చెప్పు!" అనేది.

ఆదివారాలు టీచరమ్మ ఇంటికి వచ్చేది. తమ్ముడి పిల్లలు ఆమెని అత్తా అని పిలవడం విని, తనూ అత్తా అనడం మొదలుపెట్టింది. మొదటిసారి విన్నప్పుడు టీచరమ్మ సరిదిద్దబోయింది. ఏం సరిదిద్దాలో తోచక ఊరుకుంది. అన్నేళ్లలో వందలమంది పిల్లల నోట మాటలు పెట్టింది ఆమె. ఆ ఒక్క మాట మాత్రం ఆమె పెట్టింది కాదు. మరదలు కూడా ఆ పిల్లకి కరిగిపోయింది. "వదినా, మీ శిష్యురాలికి మీ జబ్బు అంటలేదు. నా కూరలో ఉప్పెక్కువైందని మొహం మీదే చెప్పింది. ఎంత హాయిగా ఉందో!" అంది.

ఆ పిల్ల మూడో ఏడు ముగుస్తుండగా, ఇంకొక్క ఏడాది చదువు మిగిలుండగా, కంపెనీ వాళ్లు ఆ ద్వీపంలోనే శాఖ తెరిచారు. నీళ్లు సీసాల్లో నింపి అమ్మే శాఖ. ఆ ఏడు సభలో మాట్లాడేది కూడా ద్వీపం పిల్లే. ఇంకెవరు మాట్లాడతారు, అంత బాగా వచ్చిన వాళ్లు లేరు.

మేనేజరు టీచరమ్మని పిలిపించాడు. "టీచరమ్మగారూ, ఆ అమ్మాయి మా కొత్త శాఖలో చేరబోతున్నానని సభలో తన నోటితో చెప్పాలి. మాట ఇచ్చింది కదా, మా దగ్గర వీడియో ఉంది. మీరు ఒక వాక్యం కలపండి చాలు."

"దానికేం సార్, చివరలో పెడతాను. చెవిలో ఉండిపోతుంది."

రెండు రోజులకి ఆఫీసరు ఫోను. "ఈసారి మంత్రిగారు స్వయంగా వస్తున్నారమ్మా. అమ్మాయి తన దేశం వెళ్లి నీళ్ల శాఖలో చేరుతున్నానని చెప్పాలి. మన పథకం ఫలించిందని కనబడాలి. ప్రమాణం చేసిందిగా!"

"తప్పకుండా సార్. మొదట్లోనే చెప్పిస్తాను."

ఫోను పెట్టేశాక కూడా ఆమెకి కంగారు పుట్టలేదు. పాత విద్యే కదా అనుకుంది. ఆ సాయంత్రం పిల్లలు వెళ్లిపోయిన క్లాసులో, సుద్దముక్కలు ఏరి డబ్బాలో వేస్తూ ద్వీపం పిల్లకి చెప్పింది.

"మొదట నీళ్ల శాఖ అని చెప్పు, చివర కంపెనీ శాఖ అని చెప్పు. ఎవరి మాట వాళ్లకి వినబడుతుంది. సభలో ఎవరూ మొత్తం వినరమ్మా."

పిల్ల పకపకా నవ్వింది. "ఒక్క మనిషి రెండు చోట్ల ఎలా పనిచేస్తుంది అత్తా? నేనేమైనా నీళ్లా, రెండు పైపుల్లో పారడానికి? కంపెనీలో చేరతానని నేనెప్పుడన్నాను?"

"అన్నావు తల్లీ. వచ్చిన వారంలోనే. మధ్యాహ్నం, భోజనాల హాల్లో."

పిల్లకి గుర్తొచ్చింది. ఆ పాట ఇంకా నోట్లోనే ఉంది. టీచరమ్మ నేర్పితే అలాగే ఉండేది మరి. చప్పట్లు కొట్టుకుంటూ సరదాగా మొదలుపెట్టింది. "చదువు... ముగిశాక... ఐదేళ్లపాటు..." చప్పట్లు ఆగిపోయాయి. మిగతా ముక్కలు ఒక్కొక్కటే, నెమ్మదిగా, తన మాటలు తానే మొదటిసారి వింటున్నట్టు పలికింది. అన్నేళ్లూ నోట్లో ఉన్న శబ్దం ఆ పూట మాటయింది. తర్వాత పొద్దుటిది కూడా పలికింది. దానికీ నవ్వలేదు.

"బాగా చదువుకుంటాను అని అర్థమన్నావు అత్తా."

టీచరమ్మ డబ్బా మూత పెట్టింది. "అందరికీ అదే చెప్పేదాన్నమ్మా. ఎవరూ అడగలేదు. నిన్నూ అడగరనుకున్నాను."

"మా అమ్మకి ఫోన్లో అదే చెప్పాను. బాగా చదువుకుంటానని ఒట్టేశానని. ఆవిడ ఎంత సంతోషపడిందో!" పిల్ల సంచీ భుజాన వేసుకుంది. "ఉప్పునీళ్లు బాగుచెయ్యడం నేర్చుకుని, మా వాళ్లకి మంచినీళ్లు అమ్మడానికి వెళ్లాలా నేను?"

"సభ గడవనీ. ఇంకొక్క ఏడే కదా. అప్పటికి ఎవరు ఎక్కడుంటారో! ప్రస్తుతానికి రెండూ అనేసెయ్యి."

పిల్ల క్లాసు తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయింది.

సభరోజున హాలు కిక్కిరిసింది. మంత్రి వచ్చాడు, పూలగుత్తి తీసుకున్నాడు, ఫోను చూసుకుంటూ కూచున్నాడు. ద్వీపం పిల్ల మైకు ముందుకొచ్చింది. ముందుగా ప్రభుత్వానికి కృతజ్ఞత చెప్పింది. చక్కగా చెప్పింది. చివరకి కంపెనీకి చెప్పింది. అదీ చక్కగానే చెప్పింది. టీచరమ్మ ఊపిరి పీల్చుకోబోతుండగా ఇంకో మాట మొదలుపెట్టింది.

"వచ్చిన వారంలో నేను రెండు మాటలిచ్చాను. అప్పుడు నాకు ఈ భాష రాదు. ఇప్పుడు వచ్చింది. రెండు మాటలూ ఒక్క మనిషి నిలబెట్టుకోవడం కుదరదని ఇప్పుడే తెలిసింది. ఒకటి నిలబెట్టుకుంటాను. మా ఊరి బావుల దగ్గరికి వెళ్తాను. రెండోదానికి క్షమించండి."

జనం చప్పట్లు కొట్టారు. పిల్ల మాట ఆపినప్పుడల్లా చప్పట్లు కొట్టడం వాళ్లకి అలవాటు. మంత్రి కూడా ఫోను ఒళ్లో పెట్టుకుని కొట్టాడు. కొట్టనివాళ్లు ఆఫీసరూ మేనేజరూ, ఇద్దరే.

మర్నాడు ప్రిన్సిపాలు గదిలో కూచున్నారు. ఆఫీసరు, మేనేజరు, గోడవారన కుర్చీలో టీచరమ్మ. ద్వీపం పిల్లని బయట వరండాలో కూచోబెట్టారు. పంకా గడగడలాడుతోంది. ఒకరి చాటున ఒకరు ప్రమాణం చేయించుకున్నారన్న సంగతి ఇద్దరికీ అప్పుడే బోధపడింది. ఇద్దరూ ఒకరినొకరు కడిగేసుకుంటారేమోనని ప్రిన్సిపాలు బిక్కుబిక్కుమంటూ చూశాడు. కానీ వాళ్లకి ఒకరితో ఒకరికి పనుంది. వచ్చే ఏడు పథకం ఇంకా పెద్దది చెయ్యాలనుకుంటున్నారు. కోపం ఎక్కడో ఒకచోట దిగాలి కదా. తలుపవతల దిగింది.

"మమ్మల్ని మోసం చేసిందనను సార్," అన్నాడు ఆఫీసరు, మేనేజరు వైపు మర్యాదగా తిరిగి. "మీకు ఒక మాట ఇచ్చి, మాకో మాట ఇచ్చింది. మీకు జరిగిన అవమానం మాదే అనుకుంటున్నాం."

"అబ్బే, మాదేముంది సార్. మంత్రిగారి ఎదుట అలా మాట్లాడ్డం! మీ మొహం చూసి మాకే బాధేసింది."

టీచరమ్మ లేచి నిలబడింది. "తప్పు నాది సార్. ఆ పిల్లకి ఏం పలుకుతోందో తెలీదు. అర్థం అడిగితే అబద్ధం చెప్పాను. ఇన్నేళ్లూ అందరికీ అదే అబద్ధం చెప్పాను."

ఆఫీసరు మొహం మెత్తబడింది.

"మీ మనసు మాకు తెలీదా టీచరమ్మగారూ? ప్రతి పిల్లనీ కడుపులో పెట్టుకుని చూసుకుంటారు. తప్పు మీమీద వేసుకుని ఆ పిల్లని గట్టెక్కించాలని చూస్తున్నారు."

"కాదు సార్, నిజంగానే..."

"ఇంకా నయం, ఆ వీడియోలో ఉన్నది కూడా నేనే అంటారేమో!" అన్నాడు మేనేజరు. ముగ్గురూ నవ్వారు. "ఇలాంటి తల్లులు ఉండబట్టే సార్ కాలేజీ నడుస్తోంది. ఎవరక్కడ, అమ్మగారికి టీ పట్రండి."

"నేను చెప్పేది వినండి సార్. నేనే..."

"విన్నామమ్మా. కూచోండి. బీపీ పెరుగుతుంది."

టీ వచ్చింది. ఆమె చేతిలో పెట్టారు. ఇన్నేళ్లూ ఆ ఇద్దరికీ రుచించిన మాటే చెప్పింది. రుచించని మాట మొదటిసారి చెబితే, దాన్ని కూడా తీపిమాట కిందే జమకట్టారు. ఆమె నోట నిజం రాదన్న అనుమానం కూడా వాళ్లకి కలగలేదు. అనుమానించినా బాగుండేది. ఆమె నోట ఏది వచ్చినా తమ మనసు చల్లబరచడానికే వచ్చిందని వాళ్ల నమ్మకం. ఆ నమ్మకాన్ని చేతులారా కట్టింది ఆమే. కప్పు పట్టుకుని కూచుంది. తాగింది కూడా. వద్దంటే బాగుండదు కదా.

ప్రభుత్వం మనసు నొచ్చుకుందని కంపెనీ ఆ పిల్లకిచ్చే తన సగం ఆపింది. కంపెనీ మనసు నొచ్చుకుందని ప్రభుత్వం తన సగం ఆపింది. ద్వీపం పిల్ల చదువు ఆ ఏటితో ఆగిపోయింది. ఒకరి మీద ఒకరికి గౌరవం పెరిగింది. నిండు హాల్లో ద్వీపం పిల్ల మైకు ముందు నవ్వుతూ నిలబడిన ఫోటోని మాత్రం ఇద్దరూ తమ తమ గోడలకి వేలాడదీసుకున్నారు. ఎంతైనా ఫోటో బాగా వచ్చింది.

ఏళ్ల తరబడి ఎదురుచూసినది కూడా ఆ నెలలోనే వచ్చింది. ఆమె ఉద్యోగం పర్మనెంటు చేశారు. విద్యార్థుల పట్ల చూపిన మాతృవాత్సల్యానికి అని రాశారు. తమ్ముడు ఆ కాగితం రెండుసార్లు చదివి, "పోనీలే అక్కా, ఇన్నాళ్లకి," అన్నాడు. మరదలు ఏమీ అనలేదు. ఆమె నోరు మూసుకోవడం ఆ ఇంట్లో అదే మొదలు.

ద్వీపం పిల్ల వెళ్లేరోజు పొద్దున్నే మరదలే ముందు తయారైంది. దారిలో తినడానికి ఏదో మూటగట్టింది. హాస్టలు గేటు దగ్గర వ్యాను ఆగి ఉంది. పిల్ల పెట్టె చిన్నది. తెచ్చుకున్నదీ అదే. వంటవాడు దాన్ని ఎక్కించి, కళ్లొత్తుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు. పిల్ల మరదలి మెడ చుట్టూ చేతులు వేసి, "ఉప్పు తగ్గించు," అంది. మరదలు ఏడుస్తూ నవ్వింది.

తర్వాత పిల్ల టీచరమ్మ ఎదుటికొచ్చి నిలబడింది. వేదిక మీద నిలబడినట్టే, చేతులు పక్కన పెట్టుకుని, గడ్డం కొంచెం పైకెత్తి.

"ముందుగా, నన్ను చదివించిన ప్రభుత్వానికి నా కృతజ్ఞతలు. తర్వాత, నన్ను చదివించిన కంపెనీకి నా కృతజ్ఞతలు. చివరగా, టీచరమ్మగారూ, మీకు నా కృతజ్ఞతలు."

వెటకారం ఉందేమోనని ఆమె వెతికింది. లేదు. కోపమూ లేదు. ప్రతి అక్షరమూ ఎక్కడ ఒత్తాలో అక్కడ ఒత్తింది, ఎక్కడ తేల్చాలో అక్కడ తేల్చింది. దిద్దడానికి ఏమీ మిగల్చలేదు. అత్తా అన్న పిలుపు, నువ్వు అన్న చనువు, తనంతట తాను తెచ్చుకున్న ఆ రెండూ వెనక్కి తీసేసుకుని, టీచరమ్మ నేర్పిన మాటలు మాత్రం టీచరమ్మకి అప్పజెప్పి వ్యాను ఎక్కింది.

"ఏదైనా అనండి వదినా!" అంది మరదలు, మోచేత్తో పొడుస్తూ. "ఊరికే వెళ్లిపోతోంది!"

వ్యాను మలుపు తిరిగింది.

సెలవులు అయ్యాక కొత్త పిల్లలు దిగారు. మొదటి వారం, అదే క్లాసు, అదే సుద్దముక్కల డబ్బా. ప్రమాణాలూ అవే రెండు, నీది మానుకోమని ఒకరినొకరు అడగడానికి ఆఫీసరుకీ మేనేజరుకీ మొహమాటం. ప్రమాణం మొదలుపెట్టబోతుండగా ముందు వరసలో ఒక సన్నటి పిల్ల చెయ్యెత్తి సైగ చేసింది. ఏమంటున్నాం?

టీచరమ్మ వాళ్ల దేశపు సీనియరు పిల్లని పిలిపించింది. పక్కన నిలబెట్టుకుని, రెండు ప్రమాణాలకీ ఉన్న అర్థం మొత్తం చెప్పించింది. రెండింటికీ పొసగదని కూడా చెప్పించింది. పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. సన్నటి పిల్ల వాళ్ల భాషలో ఏదో అడిగింది.

"పలకకపోతే ఏమవుతుందంటోంది టీచరమ్మగారూ," అంది సీనియరు పిల్ల.

"వెనక్కి పంపేస్తారు," అంది టీచరమ్మ.

అదీ వాళ్లకి చేరింది. సన్నటి పిల్ల నిటారుగా కూచుని, అడక్కుండానే చప్పట్లు కొట్టడానికి చేతులు పైకెత్తింది. వెనకవాళ్లూ ఎత్తారు. మొదలుపెట్టమన్నట్టు అందరూ ఆమె పెదవుల వైపే చూస్తున్నారు.

టీచరమ్మ మొదటి ముక్క పలికింది. వాళ్లు పలికారు. తప్పిన చోటల్లా ఆమె దిద్దింది.